కారు లేనివాడి దారి

మే నెల చివరి మంగళవారం పొద్దున రౌని టుర్పెయినెన్ తన పాత ట్రాక్టరుకు ఇనప పలక తగిలించుకుని హెర్నెలంపి దారిని చదును చేస్తోంది. మంచు కరిగిపోయింది కానీ మట్టి లోపల ఇంకా తడిగానే ఉంది. పలక లాగడానికి ఇదే అదను. వారం ఆలస్యమైతే దారి ఎండి రాయిలా బిగుసుకుపోతుంది, గుంటలు గుంటలుగానే మిగిలిపోతాయి. ఆమె మెడ వెనక్కి తిప్పి చూస్తూ, ఎడమచేత్తో లీవరును అంగుళం ఎత్తుతూ అంగుళం దించుతూ, అంచులకు జారిపోయిన కంకరను మధ్యకు లాక్కొస్తోంది. దారి నడుమ కాస్త ఉబ్బుగా ఉండాలి. వానపడితే నీళ్లు రెండు పక్కలకూ జారిపోవాలి.

మూడో కిలోమీటరు దాటాక, వాగు దారికింద నుంచి పోయే చోట, పలక చప్పుడు మారింది. కరకరమనేది డొల్లగా మోగింది. రౌని బండి ఆపి దిగి బూటు మడమతో తొక్కి చూసింది. నేల మెత్తగా ఊగింది. పక్క కాలవలోకి దిగి వంగి చూస్తే, తూము నోట్లోంచి నీళ్లు రావలసినంత రావడంలేదు. సన్నగా, బురదతో కలిసి కారుతున్నాయి.

ఆమె పైకి ఎక్కేసరికి వెనక ఒక కారు ఆగి ఉంది. కిటికీ అద్దం కిందికి దిగింది. లోపల మెడచుట్టూ తువ్వాలు వేసుకున్న మనిషి.

"ఈ గుంటలు ఎప్పుడు పూడుస్తారండీ?" అన్నాడు.

"పూడుస్తూనే ఉన్నాను."

"ప్రతి ఏడూ ఇదే గోల. పన్నులు కట్టడంలేదా మేము?"

రౌని కాలవ వైపు చెయ్యి చూపింది. "ఎడమపక్కగా, నెమ్మదిగా దాటండి. తూము కుంగింది," అంది. అతను నెమ్మదిగానే దాటాడు, దాటాక మాత్రం చెరువు అప్పుడే కనబడినంత తొందరగా కంకర ఎగజిమ్ముకుంటూ పోయాడు.

ఆ దారి పొడవు నాలుగున్నర కిలోమీటర్లు. తారు రోడ్డు నుంచి చీలి, అడవిలోంచి వెళ్లి, హెర్నెలంపి చెరువు ఒడ్డున ఇసుక మేటల దగ్గర ఆగిపోతుంది. అది ప్రభుత్వానిది కాదు, మునిసిపాలిటీదీ కాదు. దాని పక్కన ఇళ్లో అడవులో ఉన్న ఏడు కుటుంబాలది. ఆ ఏడుగురూ కలిసి ఒక దారి సంఘం. ఎవరికి ఎంత దూరం దారి కావాలో అంత వాటా. రౌని ఆ సంఘానికి మేస్త్రి. శీతాకాలం మంచు తొయ్యడం, వసంతంలో పలక లాగడం, వేసవిలో కంకర పొయ్యడం ఆమె పని. ఇరవై ఆరేళ్లుగా చేస్తోంది. ట్రాక్టరు మీద కూర్చుని చూస్తే చాలు, ఏ గుంట పాతదో ఏది నిన్నటిదో చెప్పగలదు.

సాయంత్రం వేటగాళ్ల గుడిసెలో సంఘం సమావేశం జరిగింది. పెద్ద కూజాలో కాఫీ, పళ్లెంలో యాలకుల బన్నులు. అధ్యక్షుడు ఎసా కొములైనెన్ అందరికంటే ముందే వచ్చి పొయ్యి రాజేశాడు. అరవై దాటిన మనిషి. ఉండేది పట్టణంలోనే అయినా దారికి రెండు పక్కలా అతని అడవులే ఎక్కువ. మాట నెమ్మది. ఎవరి కప్పు ఖాళీ అయినా తానే లేచి పోస్తాడు.

అతను మునిసిపాలిటీ ఉత్తరం చదివాడు. ఈ ఏటి నుంచి సొంత దారులకు ఇచ్చే సాయం నిలిపేశారు. సొంత దారుల ఖర్చు వాటి సొంతదారులే భరించుకోవాలి.

"అదే మునిసిపాలిటీ అచ్చేసిన రంగుల పుస్తకం చూశారా?" అంది లూహ్తా ఇంటావిడ. "ఊరి అందాలు అని వేసి, మొదటి పేజీలోనే మన చెరువు. ఎలా రావాలో పటం కూడా గీశారు."

"పటం గీయడానికి డబ్బుంది, కంకరకి లేదు," అన్నాడు ఆమె భర్త.

ఎసా ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇన్నాళ్లూ వాళ్లు సాయం చేశారు కాబట్టి చట్టప్రకారం దారి అందరికీ తెరిచి ఉంచాం. ఇప్పుడు సాయం లేదు, ఆ షరతూ లేదు. తారు రోడ్డు దగ్గర గేటు పెడదాం. మనకి తలో తాళంచెవి. స్తంభాలు నా దగ్గర ఉన్నాయి. ఏమంటారు?"

అతను రౌని వైపు తిరిగాడు. "పొద్దున తూము కుంగిందన్నావు. ఎందువల్ల?"

రౌనికి తువ్వాలు మనిషి గుర్తొచ్చాడు. కిందటి వేసవిలో కాలవ వెంట ఏరిన సీసాలు గుర్తొచ్చాయి. "ఎందువల్ల ఏమిటి? పోయిన వేసవి చెరువుకొచ్చిన కార్లే," అంది. "ఒక్కో ఆదివారం వంద దాటాయి. ఏ తూము తట్టుకుంటుంది?"

ఆ మాటతో అందరూ తలూపారు. మేస్త్రి చెప్పాక ఇంకేముంది. గేటు ఈ వారమే పెట్టాలనీ, తూము సంగతి వచ్చే నెల చూద్దామనీ తీర్మానం అయింది. వద్దన్నది ఒక్కరే. బల్ల చివర కూర్చున్న ఓయ్వా హేయికురా. ఎనభై మూడేళ్లవాడు. దారి చివర, చెరువు పక్కన ఒంటరిగా ఉంటాడు. కాబట్టి సంఘంలో ఇల్లున్న వాళ్లందరిలోకీ పెద్ద వాటా ఆయనదే.

"కారణం రాసుకోవాలా?" అని అడిగాడు ఎసా మర్యాదగానే.

"రాసుకోనక్కర్లేదు. వద్దంటున్నాను, అంతే," అన్నాడు ఓయ్వా.

తిరిగి వెళ్లేటప్పుడు రౌని ఆయన్ని తన వ్యానులో ఎక్కించుకుంది. తూము దగ్గర చక్రాలు ఎడమ అంచుకి తెచ్చి, ఊపిరి బిగబట్టి దాటించింది.

"నీకు పిచ్చా ఓయ్వా?" అంది. "పదిహేనేళ్లుగా నీకు కారే లేదు. ఇళ్లున్న మా అందరికంటే ఎక్కువ కడుతున్నది నువ్వు. తేరగా తిరిగేవాళ్లని ఆపుదామంటే వద్దంటావు."

ఓయ్వా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. బిర్చి చెట్ల చిగురాకులు ఎలుక చెవులంత అయ్యాయి. "నేను దారిమీద ఎక్కడికీ పోను, నిజమే," అన్నాడు. "మరి నేను దేనికి కడుతున్నాననుకున్నావు? ఇంకొకళ్లు నా దగ్గరికి రావడానికి. ఎవరూ రాకూడదంటే ఆ డబ్బుతో చేపల వల కొనుక్కుంటాను కదా."

రౌని నవ్వింది కానీ, ఇల్లు చేరేదాకా ఆ మాట ఆమెను వదల్లేదు.

*

గురువారం పొద్దున ఆమె తారు రోడ్డు దగ్గర గేటు స్తంభాలకు గుంటలు తవ్వడం మొదలుపెట్టింది. పైన మూరెడు లోతు మట్టి మెత్తగా వచ్చింది. ఆ కింద నేల ఇంకా గడ్డకట్టే ఉంది. గడ్డపార వేస్తే ఖంగుమని ఎగిరి పడుతోంది. ఆమె ఒక్కో పెళ్లా లేపుతూ, ముంజేత్తో చెమట తుడుచుకుంటూ, దోమల్ని తిట్టుకుంటూ తవ్వుతోంది.

తొమ్మిది గంటలకు హెల్కా కారు అడవిలోంచి తిరిగొచ్చి ఆమె పక్కన ఆగింది. హెల్కా ఇళ్లకు తిరిగే నర్సు. పొద్దునా సాయంత్రమూ ఓయ్వాకు ఇన్సులిన్ సూది వెయ్యడానికి వస్తుంది. ఆయన కళ్లకు సూదిమీది గీతలు కనబడవు. ఆమె కారు దిగి బూట్లకంటిన బురద గడ్డిమీద రాసింది.

"తూము ఇవతల కారు వదిలేసి నడిచి వెళ్లొచ్చాను," అంది. "పోను పదిహేను నిమిషాలు, రాను పదిహేను. మా పైఅధికారిణికి ఫొటో పంపాను. దానిమీద కారు నడపొద్దంది."

"మంచిదే. నడిస్తే ఒళ్లు గట్టిపడుతుంది."

"వేళాకోళం కాదు రౌనీ. పొద్దునే తొమ్మిది ఇళ్లు చూడాలి నేను. ఈ ఆదివారం దాకా ఎలాగో సర్దుతానన్నాను. సోమవారానికి దారి బాగవకపోతే ఓయ్వాని పట్టణంలో ఆసుపత్రి పక్కనున్న వృద్ధాశ్రమానికి మారుస్తారట. తాత్కాలికంగా."

రౌని గడ్డపార నేలకు ఆనించింది. "ఆయనకి చెప్పావా?"

"చెప్పాను. తాత్కాలికంగా వెళ్లినవాళ్లలో ఎంతమంది తిరిగొచ్చారు అని అడిగాడు. నేను లెక్క పెట్టడానికి చూశాను." హెల్కా తలుపు తీసి కూర్చుంది. "ఒక్కళ్లు కూడా గుర్తుకు రాలేదు."

హెల్కా వెళ్లాక రౌని మొదటి గుంటలో మిగిలిన మట్టి ఎత్తి పోసింది. తర్వాత రెండో గుంట తవ్వడం మొదలుపెట్టింది. తీర్మానం తీర్మానమే కదా. కానీ పార ఇందాకటిలా సాగలేదు.

మధ్యాహ్నం ఒక నీలం రంగు వ్యాను వచ్చి స్తంభాల ముందు ఆగింది. దిగినావిడ పేరు మైలా. పట్టణంలో రొట్టెల కొట్టు నడుపుతుంది. చలికాలం చెరువు మీది మంచుగడ్డలో రంధ్రం కోసి చన్నీళ్లలో ఈదేవాళ్ల సంఘం ఒకటి ఉంది, దానికి ఆమె పెద్ద. పదకొండేళ్లుగా గురువారాలు ఈ దారిలో పోతూ రౌనికి చెయ్యి ఊపుతుంది. ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"గేటా?" అంది మైలా. "మునిసిపాలిటీ ఏమైనా మూసేస్తోందా?"

"మునిసిపాలిటీకి ఏం సంబంధం? దారి మాది."

"మీది అంటే?"

"మాదంటే మాదే. ఏడుగురిది."

మైలా స్తంభాన్నీ గుంటనూ మార్చి మార్చి చూసింది. "ఇన్నేళ్లు మునిసిపాలిటీ దారనే అనుకున్నామే. శీతాకాలం పొద్దున్నే మేమొచ్చేసరికి మంచు తోసి ఉంటుంది. మునిసిపాలిటీ బాగా చేస్తోందని అనుకునేవాళ్లం."

"అది నేను."

"మరి కంకర?"

"అదీ నేనే. డబ్బు మా ఏడుగురిదీ. అందులో చివరింటి ఓయ్వాది పెద్ద వాటా."

"ఆ పెద్దాయనదా? ఆయనకి కారు లేదు కదా. ఒకసారి ఆయన సంచులు నేనే తెచ్చిపెట్టాను."

"చివర ఉన్నాడు కదా. దారి ఎంత పొడుగో వాటా అంత."

మైలా ముఖం ఎర్రబడింది. "ఇది మాకు ఎవరూ చెప్పలేదే," అంది చివరికి.

"మీరు ఎప్పుడూ అడగలేదు," అంది రౌని. అన్నాక తనకే అనిపించింది, తను కూడా ఎప్పుడూ చెప్పలేదని. పదకొండేళ్లు చెయ్యి ఊపడంతో సరిపోయింది.

మైలా ఆరోజు చెరువుకు వెళ్లలేదు. వ్యాను తిప్పుకుని పట్టణానికి వెళ్లిపోయింది. రౌని పార గుంట పక్కన పడేసి, తారు రోడ్డు అవతల ఉండే గుత్తేదారుకు ఫోన్ చేసి, తవ్వే బండి రేపటికి ఖాళీగా ఉందా అని అడిగింది. గేటు ఆగుతుంది. ఓయ్వా ఆగలేడు.

*

శుక్రవారం తెల్లవారి ఆమె తూముకు ఎగువన ఇసుక బస్తాలు పేర్చి వాగును పక్కకు మళ్లించింది. తర్వాత తవ్వే బండి ఎక్కి పైమట్టి గీకడం మొదలుపెట్టింది. కంకర ఒకవైపు, మట్టి ఒకవైపు, రాళ్లు ఒకవైపు. ఏదీ కలవకూడదు. రేపు మళ్లీ అదే వరసలో లోపలికి పోవాలి.

ఎనిమిదింటికి ఓయ్వా కర్ర పొడుచుకుంటూ, భుజాన సంచితో నడిచి వచ్చాడు. చెరువు నుంచి కిలోమీటరుకు పైగానే. సంచిలోంచి కాఫీ సీసా, రై రొట్టె, ఎండబెట్టిన చేప తీసి రాయిమీద పెట్టాడు.

"మేస్త్రి తీర్మానం ధిక్కరించి తవ్వుతోందని విన్నాను," అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"చప్పుడే చెప్పింది."

పది గంటలకు బకెట్టు పళ్లు సిమెంటు గొట్టానికి తగిలాయి. రౌని బండి ఆపి కిందికి దిగి, మిగతా మట్టి పారతోనూ చేతులతోనూ తీసింది. తూము ఐదు పెద్ద గొట్టాలు వరసగా పేర్చి కట్టింది. ఇవతల రెండూ అవతల ఒకటీ గట్టిగానే ఉన్నాయి. నడుమ రెండు పైనుంచి అణిగి, గుడ్డు పెంకులా లోపలికి కూలిపోయాయి. ఆమె ఒక ముక్క పెకిలించి నీళ్లలో కడిగింది.

కడిగి, తిప్పి చూసింది. మరో ముక్క తీసింది. అదీ కడిగింది.

ఆ వాగు బురదనేలల్లోంచి వస్తుంది. దాని నీళ్లు టీ రంగులో ఉంటాయి. ఆ నీళ్లలో ఒక్క వేసవి నానితే ఏ రాయైనా గోధుమరంగు పడుతుంది. ఈ గొట్టాల వెలుపలా లోపలా అదే రంగు. పగిలిన అంచు మాత్రం తెల్లగా, నిన్న విరిచినట్టు ఉంది.

రౌని ముక్కను పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కిందటి వేసవిలో విరిగితే ఈ అంచు ఇంత తెల్లగా ఉండదు. ఇది ఈ వసంతంలోనే, మంచు కరిగి నేల మెత్తబడుతున్నప్పుడు విరిగింది. అప్పుడు చెరువుకు వచ్చింది వారానికి నాలుగైదు చిన్న కార్లు. తూము విరిచేంత బరువు బండ్లు నడిచింది మాత్రం ఒక్కచోటి నుంచే. మార్చి ఆఖరులో ఎసా అడవి కొట్టించాడు. డెబ్బై టన్నుల కలప లారీలు పదిరోజులు ఈ తూముమీదుగా తిరిగాయి. ఆమె కొలకర్ర తీసి రెండు విరుగుళ్ల మధ్య దూరం కొలిచింది. లారీ కుడి, ఎడమ చక్రాల మధ్య దూరం సరిగ్గా అంతే.

"తెల్లగా ఉంది," అన్నాడు గట్టుమీద నుంచి ఓయ్వా. ఆయన కళ్లకు సూదిమీది గీతలు కనబడవు కానీ తెలుపు కనబడింది.

"ఆఁ."

"మంగళవారం నువ్వు చెరువు కార్లన్నప్పుడు నేనూ నమ్మాను. గేటు వద్దన్నాను గానీ, మాట మాత్రం నమ్మాను. నువ్వన్నావు కదా."

రౌని ముక్కను గుంట అంచున పెట్టింది. ఎసా ఇచ్చే పనిమీదే ఆమె శీతాకాలం గడుస్తుంది. అతని అడవి దారులన్నిటికీ మంచు తోసేది ఆమే. ముక్కలు తిరిగి గుంటలో పడేసి, కొత్త గొట్టాలు దించి, మట్టి కప్పేస్తే ఎవరికీ తెలియదు. ఓయ్వా చెప్పడు. ఆయనకు ఒకరిమీద ఒకరికి చెప్పే అలవాటు లేదు.

ఆమె గొలుసు తెచ్చి, విరిగిన గొట్టాలకు చుట్టి, బండితో ఒక్కొక్కటీ పైకి లేపింది. గుంటలో ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో దారి పక్కన గడ్డిమీద పెట్టింది. విరిగిన అంచులు పైకి ఉండేలా తిప్పింది. తర్వాత చేతులు కడుక్కుని ఫోన్ తీసింది.

"ఎసా, రేపు పొద్దున తూము దగ్గరికి రా."

"తూమా? గేటు కదా ముందు అనుకున్నాం?"

"రా. చూడాల్సింది ఒకటి ఉంది."

*

శనివారం ఎనిమిదింటికి ఎసా వచ్చాడు. అతను కారు దిగేసరికే తారు రోడ్డు వైపు నుంచి మనుషులు నడిచి వస్తున్నారు. ముందు మైలా. వెనక ఎనిమిదిమంది. చన్నీటి ఈతగాళ్లు. సగంమంది చేతుల్లో పారలున్నాయి. ఒకాయన తోటలో మొక్కలు నాటే బుల్లి పార తెచ్చుకున్నాడు.

"ఇదేమిటి?" అన్నాడు ఎసా.

"నాకూ తెలియదు," అంది రౌని. నిజంగానే ఆమెకు తెలియదు.

ఆమె అతన్ని గొట్టాల దగ్గరికి తీసుకెళ్లి ఒక ముక్క చేతికిచ్చింది. ఎసా అడవి మనిషి, అతనికీ వాగు తెలుసు. ముక్కను తిప్పాడు. గోధుమరంగు పక్క చూశాడు, తెల్లటి పక్క చూశాడు.

"తూము పాతది," అన్నాడు.

"పాతదే. ఇంకో ఇరవై ఏళ్లు ఉండేది."

"నువ్వే కదా చెరువు కార్లన్నావు."

"అన్నాను. చూడకుండా అన్నాను. నాకు వాళ్లమీద కోపం, అందుకని అన్నాను." ఆమె గొంతు పెంచలేదు. "అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే వెనక్కి తీసుకుంటాను. ఇవాళే అందరికీ ఫోన్ చేస్తాను. నీది నీ ఇష్టం."

ఎసా ముక్కను నేలమీద పెట్టి కాలవలోకి దిగాడు. మంచి బూట్లు బురదలో దిగిపోయాయి. మిగిలిన గొట్టం అంచుమీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. పైన ఈతగాళ్లు దూరంగా ఆగిపోయారు. మాటలు వినబడకపోయినా ఏదో జరుగుతోందని వాళ్లకు అర్థమైంది. ఓయ్వా రాయిమీద కూర్చుని రొట్టె నములుతున్నాడు.

"లారీ డ్రైవరు ఫోన్ చేశాడు," అన్నాడు ఎసా తల ఎత్తకుండా. "మార్చి ఇరవై ఎనిమిదిన. దారి మెత్తబడుతోంది, మళ్లీ చలి బిగిసేదాకా ఆపుదామా అన్నాడు. ఇంకా ఐదు లోడ్లే కదా, తీసెయ్యమన్నాను." గొట్టం అంచున అంటిన మట్టిని గోటితో గీకుతూ, "తర్వాత ఆ సంగతే మరిచిపోయాను. నిజంగానే మరిచిపోయాను రౌనీ. మంగళవారం నువ్వు కార్లు అనగానే నాకు కూడా అవే అనిపించాయి. అలా అనుకోవడం సులువుగా ఉంది."

రౌని అతనికి చెయ్యి అందించి పైకి లాగింది. అతను జేబులోంచి ఫోన్ తీసి పట్టణంలో గొట్టాలమ్మే దుకాణానికి చేశాడు. ఐదు కావాలన్నాడు. అన్నిటికంటే మందమైనవి. బిల్లు సంఘం పేర కాదు, తన పేరనే. ఇవాళ మధ్యాహ్నానికి రావాలి. తర్వాత రౌని చూస్తుండగానే సంఘంలో మిగిలిన వాళ్లకు వరసగా ఫోన్లు చేశాడు. ప్రతివాళ్లకూ అవే మూడు వాక్యాలు. అవతలివాళ్లు ఏమన్నారో వినబడలేదు కానీ నాలుగో ఫోనుకు అతని నుదురు చెమర్చింది.

ఈలోగా మైలా దగ్గరికొచ్చింది. "గురువారం సాయంత్రం మావాళ్లతో మాట్లాడాను. ముప్పై నలుగురం ఉన్నాం. ఇవాళ తీరిక ఉన్నవాళ్లం వచ్చాం. పని చెప్పండి."

"మీకు దారి పని వచ్చా?"

"పిండి పిసకడం వచ్చు."

"అయితే మట్టిని దిమ్మిసతో అణగ్గొట్టడం నీది," అంది రౌని, 'మీరు'ని తనకు తెలియకుండానే వదిలేసి.

మధ్యాహ్నం గొట్టాలు వచ్చాయి. కింద ఇసుక పరిచి, రసమట్టం పెట్టి చూసి, వాగు పోయే వైపు రెండు వేళ్లు వాలు ఇచ్చి, ఒక్కొక్కటీ గొలుసుతో దించారు. అతుకులకు రబ్బరు పట్టీ వేశారు. మట్టి పొరలు పొరలుగా వెయ్యాలి. జానెడు వెయ్యడం, దిమ్మిస కొట్టడం, మళ్లీ జానెడు. ఈతగాళ్లకు తొందర ఎక్కువ. ఒకేసారి మూరెడు పోసేస్తున్నారు. రౌని వాళ్లను పిల్లల్ని కసిరినట్టు కసిరింది. బుల్లి పార మనిషిని చూసి, "నువ్వు ఐస్‌క్రీము వడ్డిస్తున్నావా ఏమిటి?" అంది. ఆయన పట్టణంలో పళ్ల డాక్టరట. ఆ పూటంతా ఆ పేరే నిలిచిపోయింది, ఐస్‌క్రీము డాక్టరు. లూహ్తా దంపతులు సాయంత్రం పెద్ద గిన్నెతో చేపల పులుసు తెచ్చారు. వేసవిలో చీకటే పడని ఆ ప్రాంతంలో ఎసా రాత్రి తొమ్మిదింటిదాకా పార కిందపెట్టలేదు.

ఆదివారం కంకర పోశారు. చివర రౌని ఒక్కతే ట్రాక్టరెక్కి పలక లాగింది. మిగతావాళ్లు దారి పక్కన వరసగా నిలబడి చూశారు. ఆ పలక అంగుళం లేవడం, అంగుళం దిగడం ఇంతకుముందు వాళ్లెవరూ ఆగి చూసినవాళ్లు కాదు.

ఇంటికి పోతూ ఎసా తారు రోడ్డు దగ్గర ఆగి, గేటు స్తంభాలు రెండూ తన ట్రాలీలో వేసుకున్నాడు.

"తీర్మానం మార్చాలి కదా, దానికి ఇంకో సమావేశం కావాలి," అంది రౌని.

"పెడదాం. నాకంటే ముందు వెళ్లి కాఫీ నువ్వు కాచు."

"వీటినేం చేస్తావు?"

"ఆవిరిస్నానం చేసే సౌనా గది మెట్లు కుళ్లిపోయాయి. మా ఆవిడ రెండేళ్లుగా అడుగుతోంది."

రౌని తవ్విన గుంటల్లో ఒకదాన్ని అతనే పూడ్చాడు. రెండోది ఆమె పూడ్చింది.

*

సోమవారం ఏడున్నరకు హెల్కా కారు తూముమీదుగా దాటింది. దాటుతూ రెండుసార్లు హారను కొట్టింది. ఆ పొద్దు ఓయ్వాకు సూది అయ్యాక ఎసా వచ్చి ఆయన్ని తన కారులో కూర్చోబెట్టుకున్నాడు. రౌని ముందు సీట్లో కూర్చుంది. మునిసిపాలిటీ కార్యాలయంలో దారుల వ్యవహారం చూసే అధికారితో పదింటికి మాట్లాడే వేళ తీసుకుంది మైలా.

అది చిన్న గది. బల్ల ముందు మూడు కుర్చీలు. ముగ్గురూ కూర్చున్నారు. వెనక తలుపు తెరుచుకుంటూనే ఉంది. మైలా వచ్చింది, ఐస్‌క్రీము డాక్టరు వచ్చాడు, పని మధ్యలో తీరిక చేసుకుని హెల్కా వచ్చింది, రౌని ఎప్పుడూ చూడని వాళ్లు కూడా వచ్చారు. గోడలవెంట నిలబడ్డారు. ఆ వెనక గుమ్మంలో మంగళవారం నాటి తువ్వాలు మనిషి కూడా ఉన్నాడు. రౌని చూసినప్పుడు అతను చూపు తిప్పుకున్నాడు కానీ వెళ్లిపోలేదు.

అధికారి నలభై ఏళ్ల మనిషి, కళ్లజోడు. చెడ్డవాడు కాదు. ఆ ఉత్తరం తను రాసింది కాదనీ, సంతకం మాత్రమే తనదనీ ముందే చెప్పాడు.

"సొంత దారుల ఖర్చు సొంతదారులదే. నిబంధన అది," అన్నాడు. "మీలో వాటాదారులు ఎవరెవరు?"

మూడు చేతులు లేచాయి.

"మిగతావాళ్లు?"

"మేము ఆ దారిలో పోయేవాళ్లం," అంది మైలా. "మాకు వాటా లేదు. మా వంతు ఎంతో తెలుసుకుందామని వచ్చాం."

అధికారి కలం పట్టుకుని ఆగిపోయాడు. "మీ వంతా? మీరేమీ కట్టనక్కర్లేదమ్మా. మిమ్మల్ని ఎవరూ అడగరు."

"తెలుసు. పదకొండేళ్లుగా ఎవరూ అడగలేదు. అందుకే వచ్చాం. ఎంతో ఒకటి చెప్పండి, మా సంఘం కడుతుంది. మా వంతు తేలాక మీ వంతు ఎంతో కూడా చూద్దాం. హెల్కా కారు మునిసిపాలిటీది. చెత్త బండి మునిసిపాలిటీది. చెరువుకు దారి చూపే రంగుల పుస్తకంలో పటం కూడా మునిసిపాలిటీదే."

గదిలో ఎవరో నవ్వారు. అధికారి కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

జూన్‌లో మునిసిపాలిటీ కమిటీ ఆ దారి ఏడాది ఖర్చులో సగం భరించడానికి ఒప్పుకుంది. ఈతగాళ్ల సంఘం ఏటా కంకరకు ఇంతని రాసిచ్చింది. పెద్ద లారీలు నడిచే ఏడాది, కలప ఎవరి అడవిదైతే వాళ్లే అదనంగా కట్టాలని దారి సంఘం తీర్మానించింది. ఆ తీర్మానం ప్రతిపాదించింది ఎసాయే. అదంతా తర్వాతి మాట. ఆ సోమవారం అధికారి చేతిలో ఏ మాటా ఇచ్చే అధికారం లేదు. ఆయన చెయ్యగలిగింది రాసుకోవడం ఒక్కటే. అందుకని పక్క గదుల్లోంచి తనే రెండేసి కుర్చీలు మోసుకొచ్చాడు. నాలుగుసార్లు తిరిగాడు. అందరూ కూర్చున్నాక కొత్త కాగితం తీశాడు.

"ఈ దారి ఎవరెవరు, దేనికి వాడుతున్నారో రాసుకుంటాను. ఒక్కొక్కరు చెప్పండి. దారి మొదట్లో ఉన్నవాళ్ల నుంచి మొదలుపెడదామా?"

అందరూ రౌని వైపు చూశారు. ఆమె ఇల్లే తారు రోడ్డుకు దగ్గర. ఆమె నోరు తెరవబోయి, పక్కకు తిరిగి ఓయ్వా మోచేతిని తట్టింది.

"మొదట ఈయన," అంది.

ఓయ్వా కర్రమీద రెండు చేతులూ పెట్టి గొంతు సవరించుకున్నాడు. "మా ఇంటి దగ్గర దారి అయిపోతుందని అందరూ అంటారు," అన్నాడు. "నాకు అక్కడే మొదలవుతుంది. రాసుకోండి."

అధికారి రాసుకోవడం మొదలుపెట్టాడు.